వెచ్చదనానికీ గుండీలకూ మధ్య: కీళ్లవాతం ఉన్నవారికి దుస్తులు తొడుక్కోవడం ఎందుకంత కష్టం?

చలి మొదలవగానే కీళ్లవాతం ఉన్నవారికి రెండు సలహాలు అందుతాయి. ఒంటిని వెచ్చగా ఉంచుకోవాలి, ఒకదానిపై ఒకటిగా దుస్తులు వేసుకోవాలి అనేది మొదటిది. కీళ్లకు అనవసరమైన శ్రమ ఇవ్వకూడదనేది రెండోది. విడివిడిగా చూస్తే రెండూ సబబైనవే. అయితే ఒక స్వెటరు అదనంగా వేసుకోవాలంటే చేతులు తలకు పైగా లేవాలి. కోటు తగిలించుకోవాలంటే మరో మూడు నాలుగు గుండీలు పెట్టుకోవాలి. మందమైన మేజోళ్లు తొడుక్కోవాలంటే నడుము, తుంటి, మోకాలు మూడూ వంగాలి. వెచ్చదనం కోసం చేసే ఏర్పాటు ఏదైనా నొప్పి ఉన్న కీలు మీదే భారం మోపుతుంది.

ఈ చిక్కు రోగి ఓర్పుకు గాని, ఇంట్లోవారి శ్రద్ధకు గాని సంబంధించినది కాదు. కీళ్లు పనిచేసే తీరు, దుస్తులు కుట్టే తీరు, శరీరం వేడిని కోల్పోయే తీరు అనే మూడు విషయాలు ఒకదానితో ఒకటి పెనవేసుకోవడం వల్ల ఇది పుడుతుంది. ఈ మూడింటినీ విడదీసి చూస్తే తప్ప, ఒకరికి హాయినిచ్చిన దుస్తులు మరొకరికి ఎందుకు నరకమవుతాయో అర్థం కాదు.

## ఒకే పేరు కింద వేర్వేరు జబ్బులు

కీళ్లవాతం అనే పేరు కింద వందకు పైగా జబ్బులున్నాయి. దుస్తుల విషయంలో ముఖ్యంగా తెలుసుకోవలసినవి రెండు. ఆస్టియో ఆర్థరైటిస్‌లో ఎముకల చివర్లను కప్పి ఉంచే మృదులాస్థి క్రమంగా దెబ్బతింటుంది. దీన్నే మనం వాడుకలో అరుగుదల అంటాం. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో శరీర రక్షణ వ్యవస్థే కీలు లోపలి పొరపై దాడి చేస్తుంది, దానివల్ల కీలు వాచి, వేడెక్కి, నొప్పి పెడుతుంది.

చేతి మీద ఈ రెండూ వేర్వేరు చోట్ల దెబ్బతీస్తాయి. అరుగుదల ఎక్కువగా బొటనవేలి మొదలునూ, గోళ్లకు దగ్గరగా ఉండే కణుపులనూ పట్టుకుంటుంది. రుమటాయిడ్ సాధారణంగా గోళ్ల దగ్గరి కణుపులను వదిలేసి, మణికట్టునూ, పిడికిలి బిగించినప్పుడు పైకి తేలే కణుపులనూ, వేళ్ల మధ్య కణుపులనూ పట్టుకుంటుంది. కనుక ఇద్దరూ గుండీ పెట్టుకోలేకపోవచ్చు గాని, ఇద్దరి కారణాలూ ఒకటి కావు.

## ఉదయం పూటే ఎందుకు?

మనం దుస్తులు వేసుకునే వేళ, కీళ్లు అత్యంత మొండికేసే వేళ దాదాపు ఒకటే. నిద్ర లేచాక కీళ్లు పట్టేసినట్టుండటం రెండు జబ్బుల్లోనూ ఉంటుంది. అరుగుదలలో ఇది సాధారణంగా అరగంట లోపే సడలుతుంది. రుమటాయిడ్‌లో గంట, కొందరిలో అంతకంటే ఎక్కువసేపు ఉంటుంది. 1987లో రుమటాయిడ్‌ను గుర్తించడానికి రూపొందించిన ప్రమాణాల్లో, కనీసం గంటసేపు ఉండే ఉదయపు పట్టును ఒక లక్షణంగా చేర్చారు.

దీనికి కారణం రాత్రంతా కదలకుండా పడుకోవడం మాత్రమే కాదు. వాపును ప్రేరేపించే ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం రుమటాయిడ్ ఉన్నవారి రక్తంలో తెల్లవారుజామున గరిష్ఠ స్థాయికి చేరుతుంది. రాత్రి మింగితే కొన్ని గంటల తర్వాత, తెల్లవారకముందే విడుదలయ్యేలా తయారు చేసిన స్టెరాయిడ్ మాత్ర, ఉదయం వేసుకునే మామూలు మాత్ర కంటే ఈ పట్టును ఎక్కువగా తగ్గించిందని 2008లో ప్రచురితమైన ఒక పరీక్ష చూపింది. అదే మనిషి మధ్యాహ్నం సునాయాసంగా పెట్టుకోగలిగిన గుండీని ఉదయం పెట్టుకోలేకపోవడం బద్ధకమూ కాదు, నటనా కాదు. ఈ ఒక్క సంగతి ఇంట్లోవారికి తెలియకపోవడం వల్ల ఎన్ని ఉదయాలు మాటలతో గాయపడతాయో చెప్పలేం.

## ఒక చొక్కా, ఒక జత మేజోళ్లు, ఎన్ని కదలికలు

దుస్తులు వేసుకోవడాన్ని మనం ఒకే పనిగా లెక్కిస్తాం. కీళ్ల వైపు నుంచి చూస్తే అది పదుల కదలికల వరుస.

ముందు గుండీ సంగతి. ఒక చేతి బొటనవేలు, చూపుడువేలు గుండీ అంచును పట్టుకోవాలి. రెండో చేతి వేళ్లు కాజాను తెరిచి పట్టాలి. గుండీని వాల్చి, కాజాలోంచి సగం దూర్చి, అవతలి వైపు నుంచి అందుకొని లాగాలి. కంటికి ఆనని ఈ పనిలో బలం కొద్దిగానే కావాలి. కానీ ఆ కొద్ది బలమూ కీలు దగ్గరికి వచ్చేసరికి పెద్దదవుతుంది. వేలికొసల మధ్య 1 కిలో బలంతో ఒక వస్తువును పట్టుకుంటే, బొటనవేలి మొదట్లో ఉన్న కీలు మీద సుమారు 12 కిలోల ఒత్తిడి పడుతుందని 1977లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. వేలి కొస నుంచి మొదలుకు పోయేకొద్దీ, పట్టును నిలబెట్టడానికి కండరాలు మరింత గట్టిగా లాగవలసి రావడమే ఇందుకు కారణం. బొటనవేలి మొదలు అరిగినవారికి చిన్న గుండీ పెద్ద బరువంత బాధ పెట్టడంలో అతిశయోక్తి లేదు.

ఇక చొక్కా తొడగడం. ముందు వైపు తెరుచుకునే చొక్కాలో మొదటి చెయ్యి తేలిగ్గానే దూరుతుంది. రెండో చేతిని వెనక్కి తిప్పి చేతి గొట్టం ఎక్కడుందో వెతుక్కోవాలి, అక్కడ భుజం మెలి తిరుగుతుంది. తల మీదుగా తొడుక్కునే స్వెటరుకు ఈ వెతుకులాట ఉండదు గాని, రెండు చేతులూ పైకి లేవాలి, విప్పేటప్పుడు మళ్లీ లేవాలి. వీపు వెనక పెట్టుకునే హుక్కులకు భుజం పూర్తిగా లోపలికి తిరగాలి. భుజం జబ్బుల్లో ముందుగా తగ్గిపోయే కదలికల్లో ఇదొకటి. నొప్పి ఉన్న చేతికి ముందుగా తొడగాలి, విప్పేటప్పుడు ఆ చేతిది ఆఖరున తీయాలి అని ఆక్యుపేషనల్ థెరపిస్టులు, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడంలో తోడ్పడే చికిత్సకులు, చెప్పే మాటకు మూలం ఇదే. వస్త్రం ఇంకా వదులుగా ఉన్నప్పుడు కదలలేని చెయ్యి దూరాలి, బిగుసుకున్న తర్వాతి శ్రమ బాగున్న చేతికి దక్కాలి.

మేజోళ్ల దగ్గర కష్టం తుంటికి చేరుతుంది. పాదాన్ని అందుకోవాలంటే తుంటి లోతుగా వంగి, కొంచెం బయటికి తిరగాలి. తుంటి, మోకాళ్ల అరుగుదల తీవ్రతను కొలిచే వోమాక్ ప్రశ్నావళిలో మేజోళ్లు తొడుక్కోవడం, విప్పుకోవడం రెండు వేర్వేరు ప్రశ్నలుగా ఉన్నాయంటే ఈ కదలిక ఎంత స్పష్టమైన కొలమానమో అర్థమవుతుంది.

## చలి వల్ల నొప్పి పెరుగుతుందా?

చలి కీళ్లవాతాన్ని పుట్టించదు. ఇందులో వైద్యులకు భేదాభిప్రాయం లేదు. ఉన్న నొప్పిని చలి పెంచుతుందా అన్నదే వాదం, అది నేటికీ తెగలేదు.

లేదనేవారికి ఆధారాలున్నాయి. 1996లో రెడెల్‌మయర్, ట్వెర్‌స్కీ అనే పరిశోధకులు రుమటాయిడ్ ఉన్న 18 మందిని 15 నెలలపాటు గమనించి, వారి నొప్పికీ వాతావరణానికీ సంబంధం కనిపించలేదని రాశారు. ముసురు పట్టిన రోజున కలిగిన నొప్పి గుర్తుండిపోతుందని, ఎండ కాసిన రోజున కలిగినది మరుపున పడుతుందని, అలా లేని పోలికను మనసు చూస్తుందని వారి వాదన. 2017లో అమెరికాలో కోటికి పైగా వైద్య సందర్శనలను పరిశీలించిన మరో అధ్యయనంలోనూ, వాన పడిన రోజుల్లో కీళ్లనొప్పులకో వెన్నునొప్పికో వైద్యుల దగ్గరికి వచ్చినవారు పెరగలేదు.

ఉందనేవారి ఆధారాలూ తక్కువవి కావు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం నడిపిన అధ్యయనంలో 2,658 మంది తమ నొప్పిని రోజూ ఫోన్‌లో నమోదు చేశారు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం గాలిలో తేమ ఎక్కువగా, పీడనం తక్కువగా, గాలి వేగంగా ఉన్న రోజుల్లో నొప్పి ఎక్కువైంది. ఉష్ణోగ్రతకు మాత్రం అటువంటి స్పష్టమైన సంబంధం తేలలేదు. ప్రభావం పరిమాణం కూడా గమనించదగ్గది: అన్ని విధాలా ప్రతికూలమైన రోజున నొప్పి పెరిగే అవకాశం సగటు రోజు కంటే 20 శాతం ఎక్కువ. అంటే మామూలు రోజున 100 మందిలో 10 మందికి నొప్పి పెరుగుతుందనుకుంటే, అటువంటి రోజున సుమారు 12 మందికి పెరుగుతుంది. ఐరోపాలోని ఆరు దేశాల వృద్ధులపై జరిగిన మరో అధ్యయనంలో తేమ ప్రభావం చలి రోజుల్లో మరింత బలంగా కనిపించింది.

ఈ ఫలితాలు కనిపించినంతగా ఒకదానినొకటి కొట్టివేయవు. వైద్యుడి దగ్గరికి వెళ్లడం వేరు, నొప్పి పెరిగిందని రాసుకోవడం వేరు. వాన కురవగానే ఎవరూ వైద్యుడి అపాయింట్‌మెంట్ తీసుకోరు. సగటు లెక్కల్లో వాతావరణం బాగా తగిలేవారూ, అసలు తగలనివారూ కలిసిపోతారు. పైగా నొప్పి సంగతి తేలకపోయినా, చలి చేసే మరో పనిపై సందేహం లేదు. చల్లబడిన కండరాలు బిగుస్తాయి. కీలులోని జిగురు ద్రవం చల్లబడితే చిక్కబడుతుంది. వేళ్ల చర్మం ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలకు దిగువకు పోతే, కీళ్లవాతం లేనివారిలో సైతం వేళ్ల నైపుణ్యం గణనీయంగా తగ్గుతుంది. కాబట్టి చల్లని గదిలో గుండీలు పెట్టుకోవడం మరింత కష్టమనే అనుభవానికి, నొప్పి పెరిగినా పెరగకపోయినా, గట్టి ఆధారం ఉంది.

## దుస్తుల వెచ్చదనానికి కొలత

దుస్తులు వేడిని పుట్టించవు, ఒంటి వేడిని పోనివ్వకుండా ఆపుతాయి. ఆపేది కూడా ప్రధానంగా నూలో ఉన్నో కాదు, వాటి మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. నీరు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, అందుకే తడిసిన నూలు బట్ట వేసుకున్నా వేసుకోనట్టే. బిగుతైన దుస్తుల్లో గాలికి చోటు తగ్గుతుంది. వదులైనవి తొడుక్కోవడానికీ సులువే, వెచ్చదనానికీ మేలే. ఈ మొత్తం వ్యవహారంలో రెండు అవసరాలూ ఒకే వైపు మొగ్గే అరుదైన చోటు ఇది.

ఈ నిరోధానికి క్లో అనే ప్రమాణం ఉంది. 1941లో గాగీ, బర్టన్, బజెట్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని ప్రతిపాదించారు. 21 డిగ్రీల గదిలో, గాలి పెద్దగా వీయనప్పుడు, ఊరికే కూర్చున్న మనిషికి హాయిగా ఉండేంత దుస్తుల విలువ 1 క్లో. భవన నిర్మాణ ఇంజినీర్లు వాడే పట్టికల్లో ఒక్కో వస్త్రానికీ విలువలుంటాయి: పొడుగు చేతుల గుండీల చొక్కాకు 0.25, పలుచని కోటుకు 0.36, ఒంటికి అంటి ఉండే పొడుగు చేతుల లోపలి బనియనుకు 0.20, మందమైన పొడుగు చేతుల స్వెటరుకు 0.36.

ఇప్పుడు మూడు జతలను పోల్చి చూద్దాం. మొదటి జత గుండీల చొక్కా, దానిపై పలుచని కోటు: కలిపితే 0.61 క్లో, ముంజేతి గుండీలతో సహా సుమారు పన్నెండు గుండీలు. రెండో జత లోపలి బనియను, దానిపై తల మీదుగా తొడిగే మందమైన స్వెటరు: 0.56 క్లో, గుండీలు లేవు, కానీ చేతులు రెండుసార్లు పైకి లేవాలి. మూడో జత అదే బనియను, అంతే మందంతో ముందు జిప్పు ఉన్న స్వెటరు: దాదాపు అదే 0.56 క్లో, ఒక్క జిప్పు, చేతులు ఒకసారే పైకి లేవాలి.

మొదటి జతకూ మిగతా రెండింటికీ తేడా 0.05 క్లో, అది దాదాపు తెలియనంత స్వల్పం. శ్రమలో తేడా మాత్రం చాలా ఎక్కువ. బొటనవేలు అరిగినవారికి రెండో జత వరం, మొదటిది శిక్ష. భుజం పట్టేసినవారికి రెండోదే శిక్ష. రెండు చోట్లా బాధ ఉన్నవారికి మూడోది నయం. పొరలు ఎన్ని అన్న ప్రశ్న కంటే, ఒక్కో పొర ఇచ్చే వెచ్చదనానికి ఏ కీలు ఎంత మూల్యం చెల్లిస్తోంది అన్న ప్రశ్నే అసలైనదని నా అభిప్రాయం. దీనికి తోడు క్లో లెక్కల్లోకి రాని విషయాలు రెండు: కోటు బరువంతా భుజాలపై పడటం, ఉన్ని మీద ఉన్ని రాసుకుని చెయ్యి మధ్యలో ఇరుక్కుపోవడం. లోపలి వైపు నున్నని అస్తరు ఉన్న కోటు అందుకే తేలిగ్గా జారుతుంది.

## వేళ్లు వెచ్చగా ఉండాలంటే ఒళ్లు వెచ్చగా ఉండాలి

ఒంటికి చలి తగిలితే శరీరం ముందుగా గుండె, ఊపిరితిత్తుల వంటి అవయవాలను కాపాడుకుంటుంది. అందుకోసం చేతులకూ కాళ్లకూ పోయే రక్తాన్ని తగ్గిస్తుంది. అందువల్ల చేతి తొడుగులు ఎంత మందంగా ఉన్నా, మొండెం చల్లగా ఉంటే వేళ్లు వెచ్చబడవు. పైగా వేళ్లు సన్నని గొట్టాల వంటివి, వాటి పరిమాణంతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, కనుక వేడి త్వరగా పోతుంది. నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే తొడుగులు, వేలికొక గది ఉండే తొడుగుల కంటే వెచ్చగా ఉండటానికీ ఇదే కారణం. వంగని వేళ్లను విడివిడిగా గదుల్లోకి దూర్చే బాధ కూడా వాటిలో ఉండదు. అయితే వాటితో తాళం తీయడం, ఫోను పట్టుకోవడం కుదరదు.

కొందరిలో ఈ రక్తనాళాల ముడుచుకుపోవడం హద్దు మీరుతుంది. చలి తగలగానే వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా, వెచ్చబడేటప్పుడు ఎర్రగా మారతాయి. 1862లో దీన్ని వివరించిన ఫ్రెంచి వైద్యుడు మారిస్ రేనో పేరుతో ఇది ప్రసిద్ధం. ఎక్కువమందిలో ఇది విడిగానే ఉంటుంది. చర్మం గట్టిపడే స్క్లీరోడెర్మా, రక్షణ వ్యవస్థే శరీరంపై దాడి చేసే లూపస్ వంటి జబ్బులతో, కొన్నిసార్లు రుమటాయిడ్‌తో కలిసి వచ్చినప్పుడు వేలికొసలపై పుండ్లు పడే ప్రమాదం ఉంటుంది కనుక, వైద్యులు దీన్ని మామూలు చలిగా తీసివేయరు.

బిగుతైన తొడుగుల సంగతి వేరు. చేతిని నొక్కిపట్టే ప్రత్యేక తొడుగులు నొప్పిని తగ్గిస్తాయని చాలాకాలంగా ఇస్తున్నారు. బ్రిటన్‌లో రుమటాయిడ్ తదితర వాపు జబ్బులున్న 200 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో సగం మందికి వీటినీ, సగం మందికి వదులైన తొడుగులనూ ఇచ్చి పోల్చారు. 2021లో వెలువడిన ఆ ఫలితాల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏ కాస్త ఊరట కలిగినా అది నొక్కుడు వల్ల గాక వెచ్చదనం వల్లే కావచ్చు.

వేడిని నేరుగా తగిలించడం పట్టేసిన కీలును సడలిస్తుంది. కానీ కీలు అప్పటికే వాచి, ఎర్రబడి, చేతికి వేడిగా తగులుతుంటే చాలామంది చల్లదనాన్నే కోరుకుంటారు. స్పర్శ మందగించినవారికి కాలిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. వేడినీళ్ల సంచిని రోజుల తరబడి ఒకేచోట ఆనిస్తే, కాలకపోయినా చర్మంపై వల అల్లినట్టు గోధుమ రంగు మచ్చలు పడతాయి.

## గుండీకి బదులు వచ్చినవాటి గుణదోషాలు

స్విస్ ఇంజినీరు జార్జ్ డి మెస్ట్రాల్ 1955లో పేటెంట్ పొందిన వెల్క్రో ఇందులో అందరికీ తెలిసినది. పక్కకు లాగితే అది గట్టిగా పట్టుకుంటుంది, అంచు పట్టి ఒలిస్తే తేలిగ్గా ఊడుతుంది. వేలికొసల పట్టు అక్కర్లేదు, అరచేత్తో అద్దితే చాలు. అయితే కొక్కేల్లో నూలుపోగులు చేరితే పట్టు తగ్గుతుంది, ఉన్ని దుస్తులకు తగిలితే పోగులు లాగేస్తుంది. పైకి గుండీలు కుట్టి, అడుగున వెల్క్రో పెట్టే పద్ధతి కూడా ఉంది. చూసేవారికి అది మామూలు చొక్కాయే.

జిప్పులో కష్టం పైకి లాగడంలో లేదు, అడుగున రెండు కొసలనూ కలపడంలో ఉంది. జిప్పు కొక్కేనికి ఉంగరం తగిలిస్తే లాగడం సులువవుతుంది గాని, కలపడం కాదు. టిచ్ బటన్లను కలపడానికి బొటనవేలితో గట్టిగా నొక్కాలి కనుక అరిగిన బొటనవేలికి అవి గుండీల కంటే మేలేమీ కాదు. అయస్కాంతపు గుండీలు దగ్గరికి తెస్తే వాటంతట అవే అతుక్కుంటాయి. కానీ గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారికి ఛాతీ మీద అయస్కాంతాలు ప్రమాదకరం. అటువంటివాటిని పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలనేది సాధారణ నియమం. నడుముకు ఎలాస్టిక్ ఉంటే గుండీ బాధ తప్పుతుంది, అయితే బిగువైన ఎలాస్టిక్‌ను రెండు బొటనవేళ్లతో సాగదీసి పైకి లాగాలి. నడుము పట్టీకి లోపల రెండు వైపులా బట్ట ఉచ్చులు కుట్టిస్తే ఆ పని అరచేతికి, ముంజేతికి మారుతుంది.

## కీలును కాపాడాలా, కదిలించాలా?

ఇక్కడ చికిత్సకుల్లోనే రెండు ఆలోచనలున్నాయి. కీలుపై భారం తగ్గించాలి, చిన్న కీళ్ల పనిని పెద్ద కీళ్లకు అప్పగించాలి, పరికరాలు వాడాలి అనేది ఒకటి. 1965లో జాయ్ కార్డెరీ రాసిన వ్యాసంతో ఇది ఆక్యుపేషనల్ థెరపీలో స్థిరపడింది. గుండీలను లాగే కొక్కెం, పొడుగు పిడి ఉన్న షూహార్న్, మేజోడును తెరిచి పట్టే సాధనం ఈ ఆలోచన ఫలాలే. వాడకపోతే ఉన్న శక్తీ పోతుంది, కాబట్టి కదిలించాలి అనేది రెండోది. రుమటాయిడ్ ఉన్న 490 మందిపై బ్రిటన్‌లో జరిగి 2015లో వెలువడిన పరీక్షలో, చేతులకు ప్రత్యేక వ్యాయామాలు చేసినవారి పనితనం మిగతావారి కంటే మెరుగైంది, జబ్బు ముదరలేదు.

రెండోదానికి గట్టి పరీక్ష బలంగా నిలిచింది. మొదటిదానికి అటువంటి పరీక్షలు చాలా తక్కువ. రుమటాయిడ్‌కు సహాయక పరికరాల గురించి వైద్య పరీక్షల ఫలితాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2009లో చేసిన సమీక్షకు ప్రమాణాలకు తగిన పరీక్ష ఒక్కటే దొరికింది, అదీ కంటిచుక్కలు వేసుకునే సాధనం మీద. ఆధారం లేకపోవడం పనికిరాదనడానికి ఆధారం కాదు. పరికరం వాడిన మరుక్షణమే మేజోడు కాలికి ఎక్కిందో లేదో ఎవరికైనా కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ రెండు ఆలోచనలూ వేర్వేరు వేళలకు చెందినవి: తెల్లవారి కీలు పట్టేసినప్పుడు పరికరం, సడలిన తర్వాత వ్యాయామం.

ఈ భేదం వైద్యుల కొలతల్లోకి కూడా పాకింది. రుమటాయిడ్ ఉన్నవారి పనితనాన్ని కొలవడానికి 1980లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన హాక్ ప్రశ్నావళిలో మొట్టమొదటి విభాగమే దుస్తులు. షూ లేసులు, గుండీలతో సహా స్వయంగా దుస్తులు వేసుకోగలరా అని అడుగుతుంది. ఇబ్బంది లేకపోతే 0, కొంత ఉంటే 1, బాగా ఉంటే 2, అసలు చేయలేకపోతే 3. కొక్కెం వంటి పరికరం గాని, మరొకరి సాయం గాని తీసుకుంటే, ఆ విభాగంలో 0 లేదా 1 వచ్చినా దాన్ని 2గా నమోదు చేస్తారు. కొక్కెంతో సొంతంగా చొక్కా వేసుకుని, కొంత ఇబ్బంది అని మాత్రమే చెప్పిన మనిషికి 1 బదులు 2 పడుతుంది. ఆ మనిషికి కొక్కెం దొరికిన రోజు స్వేచ్ఛ దొరికిన రోజు, కాగితం మీద మాత్రం వైకల్యం ఒక మెట్టు పెరిగినట్టు కనిపిస్తుంది. పరికరం లేనిదే పని జరగదన్న నిజాన్ని దాచకూడదనేది ఈ లెక్క వెనక ఉన్న తర్కం, అదీ తీసిపారేయదగినది కాదు. పరికరాలను కలపకుండా లెక్కించే రెండో పద్ధతి కూడా అదే ప్రశ్నావళికి ఉంది. కాబట్టి పాత అంకెనూ కొత్త అంకెనూ పోల్చే ముందు, రెండూ ఏ పద్ధతిలో వేసినవో వైద్యుణ్ని అడిగి తెలుసుకునే హక్కు రోగికి ఉంది.